కొత్తది వద్దు, ఈ చాకే బాగుచేసి పంపండి

జేబు చాకుని రిపేరు కోసం కంపెనీకి పంపిస్తున్నా అని చెప్తే మన హైదరాబాద్‌లో ఎవరైనా మొదట అనేది ఒకటే మాట, "దానికంత అవసరమా, కొత్తది కొనుక్కుంటే పోయేదానికి?" ఆఫీసులో అన్నారు, చుట్టాల్లో అన్నారు, మాల్‌లో నాలుగైదు కంపెనీల చాకులు అమ్మే ఒక షాపుకి వెళ్లి రిపేరుకి ఎవరికివ్వాలండీ అని అడిగితే అక్కడి అబ్బాయి కూడా అద్దాల బల్ల మీద కొత్త మోడళ్లు పరిచి ఇదే మాట అన్నాడు. వాళ్లెవరూ చెడ్డగా అనలేదు, నా డబ్బులు, నా టైము మిగలాలనే అన్నారు. కానీ ఈ మాట నాకు అస్సలు నచ్చదు. చాకు తయారుచేసిన కంపెనీ అది పాతబడ్డాక బాగుచేసే పని కూడా పెట్టుకోవాలి, ఫ్రీగా కాదు, డబ్బు తీసుకునే చెయ్యాలి, ఆ సర్వీసు కావాలని కొనేవాళ్లం మనం నోరు తెరిచి అడగాలి. చాలామంది దీన్ని వారంటీ విషయం అనుకుంటారు, నా బాధ వారంటీ గురించి కాదు, ఆ తేడా కిందకి వచ్చాక చెప్తా.

ముందు చాకు సంగతి. మా నాన్న టెలిఫోన్స్‌లో కేబుల్ జాయింటర్‌గా చేశారు. చిన్నాన్న కువైట్ నుంచి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిచ్చిన విక్టోరినాక్స్ అనే స్విస్ కంపెనీ చాకు, ఎర్ర పిడి, దాని మీద తెల్ల క్రాసు గుర్తు, పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, కత్తెర, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, వెనకవైపు కార్క్ స్క్రూ. నాన్నకి డ్యూటీ పనిముట్లు వేరే ఉండేవి, అయినా ఇది ప్యాంటు జేబులో ఉండాల్సిందే, కేబుల్ పైతొడుగు ఒలవడానికి అదే, ఎండాకాలం పచ్చి మామిడికాయ కోసి ఉప్పూకారం అద్దడానికీ అదే, మా పెన్సిళ్లు చెక్కడానికీ అదే. స్టీలు సామాన్ల షాపులో గిన్నెల మీద పేరు కొట్టే మిషన్ ఉంటుంది కదా, దాంతో పెద్ద బ్లేడు మొదట్లో ఇంటిపేరు అక్షరం, తన పేరు కొట్టించుకున్నారు, చుక్కలు చుక్కలుగా ఇప్పటికీ చదవొచ్చు. నాన్న పోయాక చాకు నా దగ్గరికి వచ్చింది.

ఇన్నేళ్ల వాడకానికి దానికి మూడు పనులు పడ్డాయి. కత్తెర రెండు ముక్కల మధ్య ఉండే సన్న స్ప్రింగు విరిగింది, ఇది చిన్న పని. రింగు ఉండే మూల దగ్గర పిడి ప్లాస్టిక్ చీలింది, అదీ పెద్దది కాదు. అసలు పని వెనక స్ప్రింగు పట్టీది. ఈ రకం చాకుల్లో బ్లేడుకి లాకు ఉండదు, పిడి వెనకాల స్టీలు పట్టీ ఒకటి బ్లేడు మొదలుని ఎప్పుడూ నొక్కిపెట్టి ఉంచుతుంది, తెరిచినప్పుడు టక్‌మని నిలబడేది, మూసినప్పుడు టక్‌మని కూర్చునేది ఆ నొక్కుడు వల్లే. పైగా ఒకటే పట్టీ రెండు చివర్లా రెండు బ్లేడుల్ని పట్టుకుంటుంది, అది అరిగి పట్టు తప్పితే రెండూ వదులే. మా చాకు తలకిందులు చేస్తే పెద్ద బ్లేడు దానంతటది బయటికి జారే స్థితికి వచ్చింది. ఏదన్నా కోస్తుంటే మధ్యలో వేళ్ల మీదకి మూసుకుంటుంది, ఇది ముచ్చట కోసం చేయించుకునే రిపేరు కాదు, వేళ్లు దక్కించుకునే రిపేరు.

కంపెనీ దాకా ఎందుకు, మన ఊళ్లో చేసేవాళ్లు లేరా అంటే, ఆ ప్రశ్న న్యాయమైనదే, నేనూ ముందు అక్కడికే వెళ్లా. సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర టైలర్ల కత్తెర్లకి, మటన్ కొట్టు కత్తులకి సాన పట్టే పెద్దాయన ఉన్నారు, మా అమ్మ కత్తిపీటకి పదును పెట్టించేది కూడా ఆయన దగ్గరే. చాకు చేతిలోకి తీసుకుని నాలుగుసార్లు తెరిచి మూసి, పక్కకి తిప్పి వెలుతురులో చూసి, "పట్టీల దమ్ము లేదు సార్, లోపల అన్ని రివిట్లే, స్క్రూ ఒక్కటి లేదు, నేను పగలగొడితే మళ్ల కూడది, ఇది చేసినోళ్లకే పంపురి" అన్నారు. సాన పట్టమంటారా అంటే అదీ వద్దన్నారు, పట్టీ వదులుగా ఉండగా బ్లేడు రాయి మీద నిలవదంట. ఆ పని తన వల్ల అవుతుందని ఒప్పుకుంటే నేను డబ్బులిచ్చేవాణ్ణే, అయినా వద్దన్నారు. పని తెలిసినవాళ్లు తమ పని ఎక్కడిదాకో కూడా తెలిసి ఉంటారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ చాకు పొరలు పొరలుగా ఉంటుంది, బ్లేడులు, స్ప్రింగు పట్టీలు, మధ్యలో పల్చటి అల్యూమినియం రేకులు, అన్నిటినీ గుచ్చుతూ పోయే ఇత్తడి రివిట్లు. ఫ్యాక్టరీలో వీటిని పేర్చి నొక్కి బిగిస్తారు, తర్వాత రివిట్ తలల మీద పిడి ముక్కలు నొక్కి కూర్చోబెడతారు. తియ్యాలంటే రివిట్లు నాశనం చేసి తియ్యాలి, మళ్లీ బిగించాలంటే అదే కొలత రివిట్లు, అదే కొలత పట్టీ, బిగింపు ఎంతో తెలిసిన చెయ్యి కావాలి. కొంచెం ఎక్కువ బిగిస్తే బ్లేడు కదలదు, కొంచెం తక్కువైతే అటూ ఇటూ ఊగుతుంది. ఇంకో సంగతి, రోడ్డు పక్క కరెంటు గ్రైండర్ మీద నీళ్లు లేకుండా పట్టేవాళ్లకి మాత్రం ఇలాంటి సన్న బ్లేడు ఇవ్వకండి. రవ్వలు చిమ్ముతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ అంచు మరీ పల్చగా ఉంటుంది కాబట్టి క్షణంలో వేడెక్కుతుంది, నీలం రంగు తిరిగిందంటే అక్కడ స్టీలు గట్టిదనం పోయినట్టే, ఆ తర్వాత ఎంత పదును పెట్టినా వారం నిలవదు. విక్టోరినాక్స్ బ్లేడు స్టీలు, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 55, 56 దగ్గర ఉంటుంది, మరీ గట్టిది కాదు, ఇంట్లో సానరాయి మీద ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో నిదానంగా రుద్దుకుంటే చక్కగా పదును ఎక్కుతుంది. కంపెనీకి పంపాల్సింది పదును కోసం కాదు.

ఇప్పుడు అసలు వాదన. ఇంత పాత చాకుకి ఇవాళ ఫ్యాక్టరీలో పట్టీ దొరకడానికి కారణం ఏంటి? ఆ కంపెనీ వాళ్లు మహా దయగలవాళ్లని నేను చెప్పట్లేదు, వాళ్లు డిజైను మార్చలేదు, అదీ కారణం. విక్టోరినాక్స్ మొదలుపెట్టిన కార్ల్ ఎల్సెనర్ స్విట్జర్లాండ్‌లో ష్విట్స్ దగ్గర ఇబాక్ అనే ఊళ్లో 1884లో వర్క్‌షాపు పెట్టాడు. అప్పట్లో స్విస్ సైన్యం కొత్త రైఫిల్ తీసుకుంది, దాన్ని విప్పి బిగించడానికి స్క్రూడ్రైవర్, డబ్బా తిండి తెరవడానికి ఓపెనర్ ఉండే చాకు సైనికుడికి కావాల్సి వచ్చింది, అంటే ఆ చాకు పుట్టిందే ఇంకో వస్తువుని బాగుచేసుకోవడానికి. మొదటి చాకులు జర్మనీలోని సోలింగెన్ నుంచి తెప్పించారు, 1891లో ఎల్సెనర్ సొంతంగా సప్లై మొదలుపెట్టాడు, సోలింగెన్ వాళ్ల రేటుకి తట్టుకోలేక తోటి చాకులవాళ్లు తప్పుకున్నా ఇతను అప్పుల్లో పడి కూడా వదల్లేదు. 1897లో ఆఫీసర్ చాకు రిజిస్టర్ చేయించాడు, ఒకే స్ప్రింగు పట్టీతో పిడికి ముందూ వెనకా ఉన్న పనిముట్లు నడిచేలా చేసిన ఏర్పాటు అదే, మా నాన్న చాకులో అరిగింది కూడా అలాంటి పట్టీయే. నూరేళ్లు దాటినా ఆ అమరిక మూలం అదే కాబట్టి, మూసినప్పుడు 91 మిల్లీమీటర్లు ఉండే సైజు చాకుకి పిడి ముక్క, కత్తెర స్ప్రింగు, పిడిలో దూర్చి ఉండే పళ్ల పుల్ల, చిమటా ఇవాళ కొత్తవి తెచ్చినా చాలావరకు పాతవాటికి సరిపోతాయి. ఏడాదికో మోడల్ మార్చే కంపెనీ ఎంత మంచిదైనా పదేళ్ల తర్వాత మీ వస్తువుకి పార్టు ఇవ్వలేదు, ఇవ్వాలనుకున్నా దాని దగ్గర ఉండదు. కాబట్టి రిపేరు అవుతుందా లేదా అన్నది రిపేరు రోజున తేలేది కాదు, డిజైను గీసిన రోజే తేలిపోతుంది.

వారంటీకీ సర్వీసింగ్‌కీ తేడా చెప్తానన్నా కదా. విక్టోరినాక్స్ చాకులకి జీవితకాలం వారంటీ ఇస్తుంది, ఇలాంటి మడత పనిముట్లే చేసే లెదర్‌మన్ కంపెనీ 25 ఏళ్లు ఇస్తుంది, వినడానికి రెండూ గొప్పగా ఉంటాయి, నిజంగానే మంచివే. కానీ వారంటీ కాగితం చదవండి, మెటీరియల్‌లో గానీ తయారీలో గానీ లోపం ఉంటే అని ఉంటుంది, వాడకం వల్ల అరిగితే వర్తించదని కూడా ఉంటుంది. అది న్యాయమే. నాన్న చాకులో తయారీ లోపం ఏమీ లేదు, ఒక మనిషి ఉద్యోగం చేసినన్నాళ్లూ పని చేసింది, దానికి నేను కంపెనీని ఫ్రీగా చేసిపెట్టమని అడగడం తప్పు. వారంటీ కంపెనీ తప్పు గురించిన మాట, సర్వీసింగ్ వస్తువు వయసు గురించిన మాట. మనకి వారంటీ ఎన్నేళ్లు అని అడగడం బాగా అలవాటైంది, వారంటీ అయ్యాక ఎవరు చూస్తారు, ఎంత తీసుకుంటారు, పార్టులు ఎన్నేళ్లు దొరుకుతాయి అని అడిగే అలవాటు పోయింది.

ఇంకోటి కూడా ఉంది, ఇది నాకు చాలా పెద్ద విషయం. వారంటీలో మామూలుగా "రిపేరు చేస్తాం లేదా మార్చి కొత్తది ఇస్తాం, ఏది అన్నది మా ఇష్టం" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది, చాకుల కంపెనీలే కాదు, అందరూ రాసేదే. కొత్తది ఇస్తే సంతోషమే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మరి నాన్న పేరు కొట్టించిన బ్లేడు? కంపెనీకి రిపేరు మనిషి గంట జీతం కన్నా కొత్త చాకు పంపడం చవక పడొచ్చు, ఆ లెక్క నాకు అర్థమవుతుంది, అర్థమవుతుంది కాబట్టే ముందే రాతపూర్వకంగా చెప్పాలంటున్నా. నేను మెయిల్‌లో స్పష్టంగా రాశా, ఇది వారంటీ క్లెయిమ్ కాదు, డబ్బిచ్చి సర్వీసింగ్ చేయించుకుంటున్నా, పెద్ద బ్లేడు మీద పేరు ఉంది, అది మార్చకూడదు, మార్చకుండా కుదరకపోతే ఏమీ చెయ్యకుండా చాకు అలాగే వెనక్కి పంపండి అని. ఇదే విషయం ఒక కాగితం మీద రాసి పెట్టెలో కూడా పెట్టా, ఎందుకంటే మెయిల్ చదివే మనిషి వేరు, బల్ల దగ్గర చాకు విప్పే మనిషి వేరు.

మనవాళ్లకి ఇదంతా కొత్త అనడం నేను ఒప్పుకోను. మన వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చూడండి. గాస్కెట్ వదులైతే గాస్కెట్ మారుస్తాం, సేఫ్టీ వాల్వ్ పోతే వాల్వ్, పిడి విరిగితే పిడి, విజిల్ పోతే విజిల్, బేగంబజార్ దాకా కూడా పోనక్కర్లేదు, కాలనీ చివర స్టీలు సామాన్ల కొట్టులో అన్నీ వేలాడదీసి ఉంటాయి, కంపెనీ పేరు, లీటర్లు చెప్తే తీసిస్తాడు. గాస్కెట్ పోయిందని కుక్కర్ పారేసే ఇల్లు తెలుగునాట ఉంటుందా? అమ్మిన కంపెనీలు పార్టులు ఊరూరా దొరికేలా చేశాయి, మనం డబ్బిచ్చి కొన్నాం, రెండు వైపులా అలవాటైంది. ఆ అలవాటుని చాకు దాకా, ఫోను దాకా, మిక్సీ దాకా పొడిగించమని మాత్రమే నేను అడుగుతున్నా.

దీని మీద నా స్నేహితుడొకడు గట్టి అభ్యంతరం చెప్పాడు, దాన్ని కొట్టిపారేయడానికి లేదు. అన్నీ కంపెనీకే పంపడం మొదలుపెడితే మోండా మార్కెట్ పెద్దాయన లాంటివాళ్ల పని ఏమవుతుంది, కంపెనీ చెప్పిందే రేటు అవుతుంది కదా అన్నాడు. నిజమే, అందుకే నేను గీత ఇక్కడ గీస్తా: రివిట్లు విప్పాల్సిన పని కంపెనీ చెయ్యాలి, మిగతా ప్రతి పార్టూ ఎవరికైనా అమ్మాలి. కత్తెర స్ప్రింగు, పిడి ముక్కలు, చిమటా, పుల్ల లాంటివి ఇంట్లోనే మార్చుకోవచ్చు, లేదా పెద్దాయన టీ తాగేలోపు మార్చేస్తారు. చేతిపని మన దగ్గర ఎప్పుడూ తక్కువ కాదు, నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు, అలాంటి నేల మీద ఒక స్ప్రింగు పట్టీ మార్చే మనిషి దొరకడంటే లోటు మనిషిలో లేదు, ఆ పట్టీ అతనికి అమ్మకపోవడంలో ఉంది. కేంద్రంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది, వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు ఎలక్ట్రానిక్స్, ఇంటి పెద్ద సామాన్లు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకుంది, కంపెనీలు అక్కడ సర్వీస్, పార్టుల వివరాలు పెట్టాలన్నది ఉద్దేశం. మంచి పని. చేతి పనిముట్లు ఆ నాలుగింటిలో లేవు, చేరితే బాగుంటుంది, కానీ చాకు సంగతికి చట్టం దాకా ఆగక్కర్లేదు, అమ్మేవాడు రెండు డబ్బాల పార్టులు తెప్పించుకుంటే చాలు.

పంపాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు, ఎందుకంటే ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కొరియర్ కౌంటర్లో "కత్తి" అనగానే వద్దంటారు, ఒకచోట నన్నూ వద్దన్నారు. ఆయుధాల చట్టం కింద లైసెన్సు లెక్కలోకి వచ్చేవి బ్లేడు 9 అంగుళాలు దాటినవి, లేదా 2 అంగుళాల వెడల్పు దాటినవి, అందులో కూడా ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమకీ తయారైనవి మినహాయింపు. మన చాకు బ్లేడు మహా అయితే ఏడు సెంటీమీటర్లు. అయినా కౌంటర్లో కుర్రాడితో వాదించి లాభం లేదు, ముందే కంపెనీకి మెయిల్ పెట్టి, పంపమని వాళ్లిచ్చిన జవాబు ప్రింటు తీసుకుని, "మడత చాకు, రిపేరు కోసం" అని దాచకుండా రాసిస్తే పని అవుతుంది. కవర్లో పంపొద్దు, సార్టింగ్‌లో చిరిగి జారిపోతుంది, చిన్న అట్టపెట్టె వాడండి, బ్లేడులన్నీ మూసి రబ్బరు బ్యాండు వేసి గుడ్డలో చుట్టండి. పుల్ల, చిమటా తీసి ఇంట్లో పెట్టుకోండి. అన్ని వైపులా ఫొటోలు తియ్యండి, పేరూ గుర్తూ ఉంటే అవి దగ్గరగా. ముందు గోరువెచ్చని నీళ్లలో తెరిచి మూసి, తెరిచి మూసి మట్టి వదిలించి బాగా ఆరబెట్టండి, ఒక్కోసారి బిగుసుకున్న బ్లేడు ఆ కడుగుతోనే సరైపోతుంది, పంపాల్సిన పనే ఉండదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన చాకుని ఆ దేశానికే పంపాల్సి వస్తే వెళ్లేటప్పుడే రిపేరు కోసం అని కాగితాలు పక్కాగా ఉంచుకోండి, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర అవే అడుగుతారు. ఎవరైనా వెళ్తున్నారు కదా అని చేతికిచ్చి పంపితే మాత్రం చెకిన్ లగేజీలో పెట్టమనండి, చేతి బ్యాగులో పెడితే శంషాబాద్ సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది.

మా చాకు తిరిగి వచ్చింది. ముందు ఎంతవుతుందో మెయిల్ పెట్టారు, పట్టీ, రివిట్లు, రెండు పిడి ముక్కలు, కత్తెర స్ప్రింగు, పని కూలి, అన్నీ విడివిడిగా రాసి. కొత్త చాకు ధరలో సగం దాటింది. నేను మారు మాట్లాడకుండా కట్టా. పెద్ద బ్లేడు పాతదే, చుక్కల పేరు చెక్కుచెదరలేదు, పట్టీ కొత్తది కాబట్టి తెరవాలంటే గోరు నొప్పి పుట్టేంత బిగువుగా ఉంది, అమ్మ తెరవలేక నా చేతికిచ్చింది. బాగా వాడితే కొన్నాళ్లకి సర్దుకుంటుంది, ఒక చుక్క నూనె వేస్తే ఇంకా త్వరగా. నూనె అంటే కొబ్బరినూనె వెయ్యకండి, అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, మన డిసెంబర్ పొద్దున్నలకి చాకు మూలుగుతుంది. కుట్టు మిషన్ నూనె ఒక చుక్క చాలు, పండు కోసే ముందు బ్లేడు తుడుచుకోండి.

సగం ధర పెట్టి పాతదాన్ని ఎందుకు బాగుచేయించావు అని ఇప్పుడు కూడా అడుగుతున్నారు. ఆ డబ్బుతో ఒక మనిషికి రిపేరు పని దొరికింది, ఇంకో చాకు తయారవకుండా ఆగింది, నాన్న పేరున్న బ్లేడు ఇంకో తరం పని చేస్తుంది, నాకైతే ఇవి చాలు. కానీ నేను చేసినంత రాతకోతలు ప్రతివాళ్లూ చెయ్యాలని ఆశించడం కూడా న్యాయం కాదు, ఓపిక ఉన్నవాళ్లకే దొరికే సర్వీసు సర్వీసే కాదు. ఇంత పెద్ద ఊళ్లో ఈ చాకులు అమ్మే ప్రతి షాపూ అమ్మిన కౌంటర్లోనే రిపేరుకి కూడా తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి, ఖర్చు ముందే చెప్పాలి, మార్చొద్దన్న పార్టు మార్చబోమని ఆ రసీదు మీదే రాసివ్వాలి. దానికి అదనంగా సర్వీస్ చార్జీ అడిగితే అదీ కడతా.